454వ బైటు దగ్గర ఆగిపోయిన కెర్నల్

సంపాదకుల వారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం గురించి వస్తున్న వ్యాసాలను మొదటి నుంచీ చదువుతున్నాను. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం), బూట్‌లోడర్ (మెషీన్ ఆన్ కాగానే కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చేది) లాంటివాటిని తెలుగులో ఇంత ఓపికగా చెప్పడం మెచ్చుకోవలసిన పని. మా పిల్లలు ఆ పేజీలు కత్తిరించి రికార్డు పుస్తకాల్లో పెట్టుకుంటున్నారు కూడా. అందుకే పోయిన వారం భాగంలో రెండు విషయాల మీద అభ్యంతరం చెప్పక తప్పడం లేదు. ఎమ్యులేటర్‌లో (అసలు మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) నడిచిన కెర్నల్ బోర్డు మీదా, అంటే అసలు చిప్ మీదా, నడుస్తుందని, బోర్డు కొనాల్సిన పనే లేదని రాశారు. ఆ పక్కనే బాక్సులో ఫ్యాట్ బూట్ సెక్టర్ (ఫ్యాట్ పద్ధతిలో ఫైళ్లు దాచే చోట మొట్టమొదటి ముక్క) చదివే కోడ్ ఇచ్చారు. అందులో 11వ బైటు చిరునామాను నేరుగా 16 బిట్ల పాయింటర్‌గా మార్చి, అంటే అక్కడి నుంచి రెండు బైట్లను ఒకే సంఖ్యగా తీసుకుని, సెక్టర్ సైజు చదివారు. 11 బేసి సంఖ్య, అలాంటి చోట ఇలా చదవడాన్ని కొన్ని చిప్‌లు ఒప్పుకోవు. దీన్ని అలైన్‌మెంట్ సమస్య అంటారు, ఈ ఉత్తరం దాని గురించే. ఎమ్యులేటర్‌ను నమ్ముకుంటే సరిగ్గా ఇలాంటి కోడే రాస్తాం.

నేను నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ ల్యాబ్ చూసుకుంటాను. పాఠాలు చెప్పే పోస్టు కాదు నాది. కంప్యూటర్లు, కేబుళ్లు, బోర్డులు, రికార్డుల మీద సంతకాలు, ఇదీ నా ఉద్యోగం. అంతకుముందు హైదరాబాద్ చర్లపల్లిలో కరెంటు మీటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి చిప్‌లోనే ఉండే ప్రోగ్రాం) రాసేదాన్ని.

కంప్యూటర్ చదువు లేని మీ పాఠకుల కోసం ముందు విషయం చెబుతాను. మెమరీలో ప్రతి బైటుకూ ఒక నంబరు ఉంటుంది. నాలుగు బైట్ల సంఖ్య 0, 4, 8, 12 ఇలా నాలుగుతో భాగం పోయే నంబరు దగ్గర మొదలైతే అది అలైన్ అయినట్టు. ఎనిమిది బైట్లదైతే ఎనిమిదితో భాగం పోవాలి, రెండు బైట్లదైతే సరిసంఖ్య కావాలి. ఇలా కాకుండా మొదలైతే దాన్ని అన్‌అలైన్డ్ అంటారు. ప్రాసెసర్ మెమరీని ఒక్కో బైటుగా కాకుండా గుంపుగా తెచ్చుకుంటుంది. రైల్లో నలుగురి కుటుంబానికి రెండు బెర్తులు ఎస్-4లో, రెండు ఎస్-5లో పడితే టీటీఈ రెండు పెట్టెలూ తిరగాలి కదా, ఇలాంటి సంఖ్య కోసం ప్రాసెసర్‌కూ ఆ తిరుగుడు తప్పకపోవచ్చు. కొన్ని ప్రాసెసర్లు నోరెత్తకుండా తిరిగొస్తాయి. కొన్ని ససేమిరా అని అక్కడే ఆగి ఎక్సెప్షన్ ఇస్తాయి, అంటే చేస్తున్న పని ఆపి తప్పు జరిగిందని చెబుతాయి. ఇంకొన్ని తప్పు విలువ చేతిలో పెట్టి ఊరుకుంటాయి. నేను ముందుగా ఎదుర్కొన్నది ఈ మూడో రకాన్నే.

మీటర్ల కంపెనీలో ఆర్మ్9 చిప్ మీద మాదే ఒక చిన్న కెర్నల్ ఉండేది. సీరియల్ లైన్ మీద వచ్చే ప్యాకెట్‌లో మొదటి బైటు రకం, తర్వాతి నాలుగు బైట్లు విలువ. రకం 0 ప్యాకెట్లన్నీ సరిగ్గా వచ్చేవి. రకం 1 అంటే వోల్టేజీ. అక్కడ 230 కనబడాల్సింది పోయి 16777446 కనబడేది. సెన్సార్ పాడైందన్నారు ఒకరు, ఎర్తింగ్ సరిగా లేదన్నారు ఇంకొకరు. లైన్‌లో నాయిస్ అని కేబుల్ మార్చారు. కేబుల్ మార్చినా అదే 16777446. నాయిస్ ఎక్కడైనా రోజూ ఒకే అంకె చూపిస్తుందా?

తీసివేస్తే తేడా 16777216 వచ్చింది. అంటే 2కు 24వ ఘాతం, నాలుగు బైట్లలో పై బైటులో ఒకటి అదనంగా చేరినట్టు. ఆ తరం ఆర్మ్ చిప్‌ల తీరు ఇది: 1వ చిరునామా నుంచి నాలుగు బైట్లు అడిగితే 0 నుంచి 3 వరకు ఉన్న నాలుగే తెచ్చి, వాటిని గుండ్రంగా తిప్పి ఇచ్చేది. కింది మూడు బైట్లు సరైనవే వస్తాయి. పైన రావాల్సిన 4వ బైటు బదులు చుట్టు తిరిగి 0వ బైటు వచ్చి కూర్చుంటుంది. మా ప్యాకెట్‌లో 0వ బైటు అంటే రకం. రకం 0 అయితే పైన సున్నా చేరి లెక్క సరిపోయినట్టే కనబడేది, రకం 1 అయితే బయటపడేది. ఎక్సెప్షన్ లేదు, హెచ్చరిక లేదు. రకం 0 ప్యాకెట్లతోనే పరీక్షించి ఉంటే మీటర్లు ఊళ్లలోకి వెళ్లిపోయేవి.

దాన్ని పట్టించింది ఒక్క బిట్. ఆ చిప్‌లో కంట్రోల్ రిజిస్టర్ (చిప్ ఎలా నడవాలో చెప్పే స్విచ్చుల వరస లాంటిది) ఉంటుంది, అందులో 1వ బిట్ పేరు ‘A’. అది ఆన్‌లో ఉంటే చిప్ విలువను తిప్పి ఇవ్వడం మానేసి డేటా అబార్ట్ అనే ఎక్సెప్షన్ ఇస్తుంది. మా సీనియర్ ఆ బిట్ ఆన్ చేసిన కాసేపటికే ఏ లైన్ తప్పు చేస్తోందో దొరికింది. ఆ బిట్ మొదటి నుంచీ అక్కడే ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు అంతే.

ఇక మన ల్యాప్‌టాప్‌ల సంగతి. ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లు నోరెత్తకుండా తిరిగొచ్చే రకం. 1978 నాటి 8086 కూడా బేసి చిరునామా నుంచి రెండు బైట్లు అడిగితే రెండు విడతల్లో తెచ్చి ఇచ్చేది. అంతకుముందు 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 అలా ఒప్పుకునేది కాదు, ప్రోగ్రాంను ఆపేసేది. మోటరోలా 68000 కూడా అంతే. ఆ చిప్ ఉన్న తొలినాటి మ్యాకింటాష్‌లలో తెర మీద బాంబు బొమ్మ, దాని కింద 02 అని వచ్చిందంటే అడ్రస్ ఎర్రర్ అని అర్థం. ఆ కాలంలో ప్రోగ్రాం రాసేవాళ్లకు అలైన్‌మెంట్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, మెషీనే చెప్పేది.

ఇంటెల్ వాళ్లకూ ఈ ఆలోచన రాకపోలేదు. 1989లో వచ్చిన 486లో అలైన్‌మెంట్ చెక్ పెట్టారు. సీఆర్0 అనే కంట్రోల్ రిజిస్టర్‌లో 18వ బిట్, ఫ్లాగుల రిజిస్టర్‌లో 18వ బిట్ రెండూ ఆన్ చేస్తే 17వ నంబరు ఎక్సెప్షన్ వస్తుంది. అయితే అది రింగ్ 3లో నడిచే మామూలు ప్రోగ్రాములకే. రింగ్ 0లో, అంటే కెర్నల్‌లో, అసలు పట్టించుకోదు. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాడికి కావాల్సింది సరిగ్గా అక్కడే! తర్వాతి కాలంలో ఆ ఫ్లాగుకు కెర్నల్‌లో వేరే డ్యూటీ వేశారు. యూజర్ ప్రోగ్రాం మెమరీని కెర్నల్ ముట్టుకోవచ్చా లేదా అన్నది ఇప్పుడు అది చూస్తుంది. పోనీ రింగ్ 3లోనైనా వాడుకుందామంటే, సీ లైబ్రరీలో మెమరీ కాపీ చేసే ఫంక్షన్లే వేగం కోసం కావాలని అన్‌అలైన్డ్‌గా చదువుతాయి. ఫ్లాగ్ ఆన్ చేసిన వెంటనే మన కోడ్ కన్నా ముందు అవే పడతాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌లో కెర్నల్ సాఫీగా నడిచినా అలైన్‌మెంట్ విషయంలో అది ఏమీ రుజువు చేయదు.

మా ఫైనల్ ఇయర్ పిల్లల ప్రాజెక్టు దగ్గరికి వస్తాను. ముగ్గురు కలిసి రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కోసం 64 బిట్ల కెర్నల్ రాశారు. ఎస్‌డీ కార్డు మొదటి సెక్టర్ చదివి, పార్టిషన్ (కార్డులో ఫైళ్లు ఉండే భాగం) ఎక్కడ మొదలవుతుందో సీరియల్ మీద ప్రింట్ చేయాలి. క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది. బోర్డు మీద వేస్తే హలో అని ఒక లైన్ వచ్చి ఆగిపోయింది. రాత్రి కూడా నడిచింది మేడమ్, అని ఒకడు నాకు స్క్రీన్‌షాట్ చూపించాడు. నడిచింది క్యూఎమ్యూలో కదా నాన్నా అన్నాను. కార్డు మార్చారు, పవర్ అడాప్టర్ మార్చారు, ఇమేజ్ మళ్లీ రాశారు. మళ్లీ హలో, మళ్లీ మౌనం.

అక్కడ జరిగింది ఇదీ. మొదటి సెక్టర్‌లో పార్టిషన్ టేబుల్ 446వ బైటు దగ్గర మొదలవుతుంది. ఒక్కో ఎంట్రీ 16 బైట్లు. ఎంట్రీలో 8వ బైటు నుంచి నాలుగు బైట్లు పార్టిషన్ మొదలయ్యే సెక్టర్ నంబరు. 446కు 8 కలిపితే 454. దాన్ని నాలుగుతో భాగిస్తే రెండు మిగులుతుంది. పిల్లలు ఆ చిరునామాను 32 బిట్ల పాయింటర్‌గా మార్చి చదివారు. 64 బిట్ల ఆర్మ్ మామూలుగా అన్‌అలైన్డ్‌ను భరిస్తుంది, కానీ ఎంఎంయూ (చిప్‌లో మెమరీ చిరునామాల వ్యవహారం చూసే భాగం) ఆన్ చేశాకే. ఎంఎంయూ ఆఫ్‌లో ఉన్నంతసేపు అది మెమరీ మొత్తాన్నీ డివైస్ మెమరీగా (పరికరాలతో మాట్లాడే చిరునామాలుగా) చూస్తుంది, డివైస్ మెమరీలో అన్‌అలైన్డ్‌ను ఒప్పుకోదు. సొంతంగా కెర్నల్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ కొంతకాలం ఎంఎంయూ ఆఫ్‌లోనే ఉంటారు. క్యూఎమ్యూ చాలా ఏళ్లు ఈ నియమాన్ని అమలు చేయలేదు, 2024లో వచ్చిన 9.0 వెర్షన్‌లో చేర్చారు. మా ల్యాబ్ మెషీన్లలో ఉబుంటు 22.04 ఉంది, దానితో వచ్చేది క్యూఎమ్యూ 6.2. అందులో ఆ కోడ్ ఎన్నేళ్లయినా నడుస్తుంది. మీ బాక్సులోని కోడ్ కూడా అందులో నడుస్తుంది, బోర్డు మీద ఎంఎంయూ లేకుండా అయితే 11వ బైటు దగ్గరే ఆగుతుంది.

మరి బోర్డు ఎక్సెప్షన్ ఇచ్చినా ఎందుకు కనబడలేదు? ఎక్సెప్షన్ వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే వెక్టర్ టేబుల్‌ను పిల్లలు ఇంకా పెట్టలేదు. తర్వాత చాప్టర్‌లో చేద్దాం అనుకున్నారు. చాలా పాఠాల్లో ఇదే వరస: ముందు తెర మీద అక్షరాలు, తర్వాత కార్డు, ఎక్సెప్షన్లు ఎప్పుడో చివర్లో. నన్నడిగితే సీరియల్ మీద ఒక అక్షరం రాగానే చేయాల్సిన రెండో పని వెక్టర్ టేబుల్ పెట్టడం. అందులో మూడు రిజిస్టర్లు ప్రింట్ చేస్తే చాలు. ఈఎస్ఆర్ కారణం చెబుతుంది, ఈఎల్ఆర్ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరో చెబుతుంది, ఎఫ్ఏఆర్ ఏ చిరునామా కోసమో చెబుతుంది. మా పిల్లలతో అదే చేయించాను. ఈఎస్ఆర్‌లో పైన ఎక్సెప్షన్ క్లాస్ పదహారు ఆధారపు లెక్కలో 25, అంటే కెర్నల్ తనంతట తానే తెచ్చుకున్న డేటా అబార్ట్. కింద స్టేటస్ అదే లెక్కలో 21, అంటే అలైన్‌మెంట్ ఫాల్ట్. ఎఫ్ఏఆర్ చివరి అంకె కూడా అదే లెక్కలో 6, అంటే నాలుగుతో భాగం పోదు. మిగతాది వాళ్లే వెతుక్కున్నారు.

ఇక్కడ ఇంటర్నెట్‌లో బాగా తిరిగే ఒక సలహా గురించి చెప్పాలి. స్ట్రక్చర్‌కు (సీ భాషలో కొన్ని విలువలను కలిపి ఉంచే కట్టకు) ప్యాక్‌డ్, అంటే మధ్యలో ఖాళీలు వదలొద్దు, అని తగిలిస్తే సమస్య పోతుందంటారు. సగమే నిజం. ప్యాక్‌డ్ అంటే, లోపలి సంఖ్య ఎక్కడైనా ఉండొచ్చని కంపైలర్‌కు (మన కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే ప్రోగ్రాంకు) తెలుస్తుంది, సీ భాష నియమాల ప్రకారం మీ తప్పు ఉండదు. కానీ 64 బిట్ల ఆర్మ్‌కు జీసీసీ అనే కంపైలర్, హార్డ్‌వేర్ అన్‌అలైన్డ్‌ను భరిస్తుందిలే అన్న నమ్మకంతో ఒకే లోడ్ ఇన్‌స్ట్రక్షన్ వేసేస్తుంది. ఎంఎంయూ ఆఫ్‌లో ఉన్న సంగతి దానికేం తెలుసు? స్ట్రిక్ట్ అలైన్ అనే ఆప్షన్ ఇస్తేనే బైట్లు విడివిడిగా చదివే కోడ్ పుట్టిస్తుంది. మరోవైపు, పాయింటర్‌ను బలవంతంగా మార్చి చదివే కోడ్‌కు స్ట్రిక్ట్ అలైన్ ఇచ్చినా లాభం లేదు, ఎందుకంటే ఆ పాయింటర్ అలైన్ అయిందని మీరే మాట ఇచ్చారు, కంపైలర్ నమ్మింది. పైకి ఒకేలా కనబడే ఈ రెండు జబ్బులకు మందులు వేరు.

రెండోదాన్ని పట్టుకోవడానికి బోర్డు కూడా అక్కర్లేదు. జీసీసీలో, క్లాంగ్‌లో అలైన్‌మెంట్ శానిటైజర్ ఉంది. ఆ ఆప్షన్ ఇస్తే పాయింటర్ ద్వారా చదివే ప్రతిచోటా కంపైలర్ ఒక చిన్న తనిఖీ చొప్పిస్తుంది. చిరునామా సరిగ్గా లేకపోతే టైప్ మిస్‌మ్యాచ్ అనే హ్యాండ్లర్‌ను పిలుస్తుంది. మామూలు ప్రోగ్రాంకైతే ఆ హ్యాండ్లర్ లైబ్రరీలో వస్తుంది. కెర్నల్‌కు లైబ్రరీ లేదు కాబట్టి మనమే రాసుకోవాలి. పెద్ద పనేం కాదు, ఫైలు పేరు, లైన్, కాలమ్ కంపైలరే అందిస్తుంది, ప్రింట్ చేసి ఆగిపోవడమే. తనిఖీ కోడ్‌లోనే ఉంటుంది గనుక ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనూ, పాత క్యూఎమ్యూలోనూ కూడా పనిచేస్తుంది. అసెంబ్లీలో రాసిన భాగాన్ని మాత్రం చూడలేదు. పై జబ్బుల్లో మొదటిదైన ప్యాక్‌డ్ స్ట్రక్చర్‌ను కూడా పట్టుకోదు, భాష ప్రకారం అక్కడ తప్పే లేదు గనుక.

చదివే పద్ధతి సులువే. రెండు బైట్లను విడివిడిగా చదివి, రెండోదాన్ని 8 బిట్లు ఎడమకు జరిపి మొదటిదానితో కలపాలి. లేదా మెమరీ కాపీ చేసుకోవాలి. లినక్స్‌లో దీనికోసమే గెట్ అన్‌అలైన్డ్, పుట్ అన్‌అలైన్డ్ అని ఉన్నాయి. లినక్స్ రాసేవాళ్లు ఎంత ముందుచూపుతో ఉంటారో చెప్పడానికి ఒకటి చాలు: ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు. దాని వెనకే వచ్చే ఐపీ హెడర్ నాలుగుతో భాగం పోయే చోట పడాలని చాలా నెట్‌వర్క్ డ్రైవర్లు బఫర్ ముందు రెండు బైట్లు ఖాళీ వదులుతాయి.

మా పిల్లల్లో ఒక తెలివైనవాడు ఎక్సెప్షన్ హ్యాండ్లర్‌లోనే ఆ బైట్లు చదివి విలువ అందించి ముందుకు పోనిద్దామన్నాడు. అది చేయవచ్చు. 32 బిట్ల ఆర్మ్ లినక్స్‌లో అలా సర్దే ఏర్పాటు ఉంది, ఎన్నిసార్లు సర్దిందో లెక్క ప్రోక్ డైరెక్టరీలో కనబడుతుంది, సర్దాలా, హెచ్చరించాలా, సిగ్నల్ పంపాలా అన్నది ఎంచుకోవచ్చు. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాంలను నడిపించడానికి అది అవసరం. ఇవాళ మొదలుపెట్టిన సొంత కెర్నల్‌లో ఆ పని చేస్తే మీ తప్పును మీరే దాచుకున్నట్టు. ఒద్దన్నాను.

ల్యాప్‌టాప్ చిప్‌లు ఎలాగూ భరిస్తాయి కదా అనేవాళ్లకు ఒక మాట. లాక్ వేసి (మరో కోర్ మధ్యలో దూరకుండా) చేసే ఆపరేషన్ 64 బైట్ల క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే గుంపు) హద్దు దాటితే, మిగతా కోర్లన్నీ మెమరీ కోసం ఆగాల్సి వస్తుంది. దాన్ని స్ప్లిట్ లాక్ అంటారు. ఒక్క ప్రోగ్రాం ఇలా చేస్తే ఆ సర్వర్ మీద ఉన్న అందరికీ దెబ్బ. ఇంటెల్ ఇటీవలి చిప్‌లలో దీన్ని పట్టుకునే బిట్ పెట్టింది, అది కెర్నల్‌లోనూ పనిచేస్తుంది. 2020లో వచ్చిన లినక్స్ 5.7 నుంచి దాన్ని వాడుతున్నారు. నలభై ఏళ్లు ఉదారంగా ఉన్న చోటే ఇప్పుడు కాపలా పెడుతున్నారు.

మన పిల్లలకు ఇది ఇంకా దగ్గరి విషయం కాబోతోంది. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు, సీడాక్ వేగా ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ పద్ధతివి, అంటే ఎవరైనా వాడుకోగల ఒక ఇన్‌స్ట్రక్షన్ల ప్రమాణం మీద కట్టినవి. అన్‌అలైన్డ్ చదువును హార్డ్‌వేర్‌లో చేయాలా, ఎక్సెప్షన్ ఇవ్వాలా అన్నది రిస్క్-ఫైవ్ ఆ చిప్ తయారుచేసేవారికే వదిలేసింది. ఎక్సెప్షన్ వస్తే చదవడానికైతే 4వ నంబరు, రాయడానికైతే 6వ నంబరు. కొన్ని బోర్డుల్లో కెర్నల్ కింద ఉండే ఫర్మ్‌వేరే దాన్ని పట్టుకుని సర్దేస్తుంది. కెర్నల్ రాసినవాడికి ఏమీ తెలియదు, పని మాత్రం నెమ్మదిస్తుంది. అందుకే లినక్స్ ఈ చిప్‌ల మీద బూట్ అయ్యేటప్పుడు అన్‌అలైన్డ్ చదువు వేగంగా ఉందా, నెమ్మదిగా ఉందా అని కొలిచి చూసుకుంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ ఒక్కటే చూసిన కుర్రాడు ఇక్కడ ఎక్కడ వెతకాలో కూడా తెలియక నిలబడతాడు.

ఉత్తరం పొడుగైంది, మీరు కత్తిరించుకోవచ్చు. 454 ఉన్న పేరా మాత్రం ఉంచండి, ఆ ఒక్కటీ చదివినా కొంతమంది పిల్లలకు కొన్ని రాత్రుల నిద్ర మిగులుతుంది.

ఇక కాలేజీలకు. బ్యాచ్‌కు ఒక బోర్డు కొనలేమంటే ల్యాబ్‌కు ఒకటైనా ఉంచండి. రాస్ప్‌బెర్రీ పై దొరక్కపోతే కార్టెక్స్ ఎం0 చిప్ ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు అయినా ఫర్వాలేదు, అది అన్‌అలైన్డ్‌ను అస్సలు ఒప్పుకోదు, హార్డ్ ఫాల్ట్ ఇస్తుంది. కార్టెక్స్ ఎం3, ఎం4 అయితే అన్‌అలైన్డ్ దగ్గర ఆగేలా సీసీఆర్ రిజిస్టర్‌లో 3వ బిట్ ఆన్ చేయించండి. ఒక్క రూపాయి కూడా లేదంటే క్యూఎమ్యూను 9.0 లేదా ఆపై వెర్షన్‌కు మార్చండి, మేక్‌ఫైల్‌లో (కంపైల్ చేసే ఆదేశాలు ఉండే ఫైలులో) అలైన్‌మెంట్ శానిటైజర్‌ను మొదటి రోజు నుంచే పెట్టించండి. ఆర్మ్ అయితే స్ట్రిక్ట్ అలైన్ కూడా ఇచ్చి, ఎంఎంయూ ఆన్ చేశాక కూడా కంట్రోల్ రిజిస్టర్‌లోని ఆ ‘A’ బిట్‌ను ఆన్‌లోనే ఉంచమనండి. ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు క్యూఎమ్యూ స్క్రీన్‌షాట్ చూసి మార్కులు వేసే ముందు, వెక్టర్ టేబుల్ ఎక్కడ పెట్టావు అని ఒక ప్రశ్న అడిగితే బాగుంటుంది. మా కాలేజీలో ఈ సెమిస్టర్ నుంచి రికార్డులో సంతకం కోసం వస్తే నేను అడుగుతున్నది అదే.

ఇట్లు,
సిస్టమ్స్ ల్యాబ్ ఇన్‌ఛార్జి,
నరసరావుపేట